అల్లుడికి, బూట్ల సంగతి

అల్లుడూ,

సోలులో గట్టి కార్బన్ పలక పెట్టిన ఆ కార్బన్ ప్లేటు పరుగు బూట్లకి ఇరవై వేలు అడిగావని అక్క ఫోన్లో చెప్పింది. "ఇప్పటి రికార్డులన్నీ బూట్లవే" అన్నావట కూడా. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ మాట తేల్చుకుందాం.

నువ్వన్నదాంట్లో నిజముంది. 2003లో బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ పెట్టిన 2:15:25 (రెండు గంటల 15 నిమిషాల 25 సెకన్లు) మహిళల మారథాన్ రికార్డు పదహారేళ్లు ఎవరికీ అందలేదు. 2019లో బ్రిజిడ్ కోస్గీ ఈ రకం బూట్లతో 2:14:04కి దించింది. 2023కల్లా టిగిస్ట్ అసెఫా 2:11:53కి తెచ్చింది. బూటు సాయం లేదంటే నేను నమ్మను. సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని 2020లో పరుగు పోటీలకు రూల్సు పెట్టే ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రూలు పెట్టింది కూడా అందుకే.

అయితే ఈ బూట్లతో 4 శాతం కలిసొస్తుందని అందరూ చెప్పేది టైములో తగ్గేది కాదురా. అదే వేగానికి ఒంట్లో ఖర్చయ్యే శక్తి ల్యాబులో సగటున అంత తగ్గింది. టైములో కలిసొచ్చేది అంతకన్నా తక్కువే. పైగా ఎక్కువ పని చేసేది ప్లేటు కాదు, సోలులోని మెత్తటి ఫోము. ప్లేటును కోసేసి పరిగెత్తించినా పెద్ద తేడా రాలేదు. మొన్న స్టేడియంలో ఒక కుర్రాడి జత అడిగి తీసుకుని మడమ దగ్గర బొటనవేలితో నొక్కాను. మెత్తగా దిగి, వేలు తీసేలోపే పైకి తన్నింది. పక్కకి నెడితే మాత్రం అంతే సులువుగా ఒరిగింది. నీ చీలమండ పోయినేడే బెణికింది, గుర్తుందా? నాకు భయం అక్కడే.

మన శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00లో మారథాన్ పరిగెత్తాడు. ఈ బూట్లు బజారులోకొచ్చిన తర్వాత కూడా ఏళ్ల తరబడి మనవాళ్లెవరూ దాన్ని కదపలేకపోయారు. బూటొక్కటే కాదు, 2023లో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ పరిగెత్తిన 2:00:35 మారథాన్ వెనకాల వారానికి 250 కిలోమీటర్ల పైన పరుగుంది.

ఇప్పటికి నాలుగైదు వేలలో మామూలు జత కొనుక్కో. సాయంత్రం పూట వెళ్లు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు బొటనవేలంత జాగా ఉండాలి. రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించు, పిక్కలు గట్టిపడతాయి. మన నెల్లూరు ఉక్కలో ఐదున్నరలోపే పరుగు మొదలుపెట్టాలి. ఎండెక్కాక ఏ బూటూ ఆదుకోదు. ఆరు నెలలు మానకుండా పరిగెత్తు, ఆ ఖరీదైన జతకి సగం డబ్బు నేనిస్తాను. దాన్ని పోటీకీ, ముందు నాలుగైదు స్పీడు పరుగులకీ ఉంచుకో.

ఆదివారం తెల్లవారుజామున మైపాడు రా. పాత బూట్లు కూడా పట్టుకురా, సోలు ఏ పక్క అరిగిందో చూస్తాను.

మీ మామయ్య