హార్మోన్లు కొవ్వు విచ్ఛిన్నాన్ని ‘నియంత్రిస్తాయా’?

సందేహం: ‘అడ్రినలిన్, ఇన్సులిన్ కొవ్వు విచ్ఛిన్నాన్ని నియంత్రిస్తాయి’ అని ఒక వ్యాసంలో చదివి, రెండూ కొవ్వును తగ్గనివ్వవని అనుకున్నాను. వాక్యం సరైనదేనా? ‘కొవ్వు కరగడం’ అనకూడదా?

సమాధానం: వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అయినా మీరు పొరబడటానికి తగిన కారణం ఉంది. నియమం, సంయమనం, నియంత అనే మాటలకు మూలమైన ‘యమ్’ ధాతువుకు పట్టి ఉంచడమని అర్థం. ధరల నియంత్రణ, దోమల నియంత్రణ అన్నప్పుడు మనకు తగ్గించడమే స్ఫురిస్తుంది. శాస్త్ర రచయితలు మాత్రం హెచ్చించడానికీ తగ్గించడానికీ కలిపి ఈ ఒక్క మాటే వాడుతున్నారు.

ఇక్కడ ఆ రెండు పనులూ పరస్పర విరుద్ధమైనవి. అడ్రినలిన్ కొవ్వు కణం మీది బీటా గ్రాహకాలను (హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్లను) చేరితే లోపల సందేశాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. దానితో చురుకైన ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము, కొవ్వు బిందువుకు కాపలాగా ఉన్న పెరిలిపిన్ అనే ప్రోటీన్‌ను సడలించి, కొవ్వును తెంచే లైపేజ్ ఎంజైములకు దారి ఇవ్వగా, నిల్వ కొవ్వు రూపమైన ట్రైగ్లిజరైడ్ అంచెలంచెలుగా తెగి మూడు కొవ్వు ఆమ్లాలుగా, ఒక గ్లిసరాల్‌గా విడిపోతుంది. ఇన్సులిన్ అదే సైక్లిక్ ఏఎంపీని తగ్గించి ఈ పనిని అణచిపెడుతుంది. చికిత్స అందని టైప్-1 మధుమేహంలో ఆ అణచివేత లేకనే కొవ్వు ఆమ్లాలు వెల్లువెత్తి, వాటి నుంచి కాలేయంలో తయారయ్యే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో ప్రమాదకరంగా పేరుకుంటాయి.

కాబట్టి ‘కొవ్వు విచ్ఛిన్నాన్ని అడ్రినలిన్ ప్రధానంగా ప్రేరేపిస్తుంది, ఇన్సులిన్ అణచిపెడుతుంది’ అని విడదీసి రాయడమే నా దృష్టిలో సరైన పద్ధతి. ఆల్ఫా-2 అనే మరో రకం గ్రాహకాల ద్వారా అడ్రినలిన్ కూడా విచ్ఛిన్నాన్ని తగ్గించగలదు కనుక ‘ప్రధానంగా’ అన్న మాట వదలకూడదు. రెండింటికీ ఒకే క్రియ కావాలంటే ‘హెచ్చుతగ్గులను నిర్ణయిస్తాయి’ అనవచ్చు. కొందరు సూచించే ‘క్రమబద్ధీకరిస్తాయి’ నాకు రుచించదు. అది చదివితే పట్టాలేని ఇళ్ల స్థలాలే గుర్తుకొస్తాయి.

‘కొవ్వు కరిగింది’ అన్నది వాడుకలో నిలిచిన పలుకుబడి, మాటల్లో నిస్సంకోచంగా అనవచ్చు. అయితే వెన్న కరిగినా వెన్నే. ఇక్కడ జరిగేది నీటి అణువుల సాయంతో బంధాలు తెగే జలవిశ్లేషణ కనుక, ప్రక్రియను వివరించేటప్పుడు ‘విచ్ఛిన్నం’ అనే రాయాలి. దీన్ని ‘తగ్గడం’తో కలపకూడదు: విడుదలైన కొవ్వు ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కండరాల వంటి చోట్లకు చేరి అక్కడ ఖర్చయితేనే కొవ్వు తగ్గినట్టు, ఖర్చుకాని ఆమ్లాలు తిరిగి ట్రైగ్లిజరైడ్‌గా మారి నిల్వలో చేరగలవు.