కరపత్రం అచ్చుకు పంపే ముందు

అమ్మాయికి ఆశీస్సులు.

పిల్లలపై లైంగిక వేధింపుల గురించి మీ బృందం రాసిన కరపత్రమూ, దానికి జతచేసిన విరాళాల విజ్ఞప్తీ చదివాను. భాష బాగుంది, బొమ్మలూ హుందాగా ఉన్నాయి. నా పేచీ అంతా అంకెలతోనే. ఈ విషయంలో లెక్క అడిగితే పిల్లల బాధనే శంకించినట్టవుతుందని చాలామంది మొహమాటపడతారు. ఒక పిల్ల నోరు తెరిచి చెప్పిన మాటను నమ్మి తీరాలి. కరపత్రంలో అంకెకు ఆ మినహాయింపు లేదు. పైగా ఒక్క అంకె తప్పని తేలితే చాలు, అసలు సమస్యే లేదని వాదించేవాళ్లకు మనమే ఆయుధం ఇచ్చినట్టు.

మీ మొదటి వాక్యమే చూడు: "ప్రతి ఇద్దరు పిల్లల్లో ఒకరు అత్యాచారానికి గురవుతున్నారు." ఇది 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనం నుంచి చేతులు మారుతూ వచ్చిన మాట. అందులో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. బలవంతంగా ముద్దు పెట్టుకోవడం, ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో చేసే వెకిలి చేష్టలు, అశ్లీల చిత్రాలు చూపించడం కూడా ఆ లెక్కలో ఉన్నాయి. తీవ్రమైన రూపాలని నివేదికే విడదీసి చూపినవి 21.90 శాతం. ఎవరిని అడిగారన్నది ఇంకో సంగతి. బడి పిల్లలు దాదాపు నాలుగో వంతే. మిగతావాళ్లు బడికి పోకుండా ఇంట్లో ఉన్నవాళ్లు, పనికి వెళ్లేవాళ్లు, వీధిబాలలు, సంరక్షణ గృహాల్లో ఉన్నవాళ్లు, తలా కొంచెం అటూఇటూగా సమానంగా. దేశంలో ఐదుగురు పిల్లల్లో ఒకరు వీధిలో లేరు కదా. ఆ పిల్లల పరిస్థితి తెలుసుకోవడానికి ఈ ఎంపిక మంచిదే, కానీ ఆ శాతాన్ని దేశంలోని పిల్లలందరికీ గుణించడానికి పనికిరాదు.

ఆ వాక్యాన్ని ఇలా మార్చు: "2007 నాటి ప్రభుత్వ అధ్యయనంలో అడిగిన 12,447 మంది పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా తీవ్రమైన వేధింపు ఎదుర్కొన్నారు." కొంచెం పొడవైందని మీవాళ్లు సణుగుతారు. సణగనీ.

ఏ అంకె కనిపించినా ఐదు ప్రశ్నలు వెయ్యి. ఎవరిని అడిగారు? ఏ వయసువాళ్లను? ఏ పనిని వేధింపుగా లెక్కగట్టారు? ఎంత కాలంలో జరిగినదాన్ని? జవాబు చెప్పింది ఎవరు? వీటికి జవాబు దొరికేదాకా మూలం వైపు నడు. ఒక సంస్థ కరపత్రం ఇంకో సంస్థ కరపత్రాన్ని, అది ఒక పత్రికా కథనాన్ని, ఆ కథనం మళ్లీ మొదటి సంస్థనే చూపిస్తుంటే ఆ అంకెను అక్కడే కొట్టెయ్.

మూడో ప్రశ్న ఒక్కటే లెక్కను ఎంత మారుస్తుందో యూనిసెఫ్ 2024 అక్టోబరులో ఇచ్చిన అంచనాలో చూడొచ్చు. నేడు బతికున్న బాలికలు, మహిళల్లో 37 కోట్ల మందికి పైగా, అంటే ఎనిమిదిమందిలో ఒకరు, 18 ఏళ్లు నిండకముందే అత్యాచారానికో లైంగిక దాడికో గురయ్యారు. ఒంటి మీద చెయ్యి పడని మాటల వేధింపు, ఆన్‌లైన్ వేధింపు కూడా కలిపితే 65 కోట్లు, ఐదుగురిలో ఒకరు. రెండు అంకెలూ నిజాయతీగా చెప్పినవే, పక్కపక్కనే చెప్పినవే. 65 కోట్ల అంకె పక్కన 37 కోట్ల నిర్వచనం రాసేవాళ్లతోనే చిక్కు. ఇది బాల్యమంతటి లెక్క అని మరిచి "ఏటా" అని చేర్చేవాళ్లతో ఇంకా చిక్కు.

ఐదో ప్రశ్నదీ అదే తంతు. 2011లో 217 ప్రచురణలను కలిపి చేసిన ఒక విశ్లేషణలో, బాధితులనే నేరుగా అడిగిన సర్వేల్లో లైంగిక వేధింపు వెయ్యికి 127 తేలింది. వృత్తిరీత్యా పిల్లలతో మెలిగేవాళ్లు, అధికారులు చెప్పినదాని ప్రకారం వెయ్యికి 4. చాలామంది ఎవరికీ చెప్పుకోరు కాబట్టే ఇంత తేడా. అందుకే నమోదైన కేసులు పెరిగితే నేరం పెరిగిందని వెంటనే రాయకు. ధైర్యం చేసి చెప్పేవాళ్లు పెరిగి ఉండొచ్చు, చట్టం మారి ఉండొచ్చు, లెక్కించే పద్ధతే మారి ఉండొచ్చు. అమెరికాలో ఆన్‌లైన్‌లో పిల్లల లైంగిక దోపిడీపై సమాచారం అందుకునే సైబర్‌టిప్‌లైన్‌కు 2023లో 3.62 కోట్ల నివేదికలు వస్తే 2024లో 2.05 కోట్లే వచ్చాయి. ఒకే ఘటనపై వచ్చే నివేదికలను గుదిగుచ్చడం మొదలుపెట్టడం ఆ తగ్గుదలకు ఒక పెద్ద కారణం. ఒక నివేదిక అంటే ఒక పిల్ల అని కాదు. 2020 చివర్లో తాను పంపిన రెండు నెలల నివేదికలను ఫేస్‌బుక్ పరిశీలిస్తే సగానికి పైగా కేవలం ఆరు వీడియోల నకళ్లే.

తప్పు అంకె డబ్బునూ తప్పు దారి పట్టిస్తుంది. 1980ల అమెరికాలో అపరిచితులు ఏటా వేలకు వేల పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న ప్రచారం హోరెత్తింది. తప్పిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు, తల్లిదండ్రుల కస్టడీ తగాదాల్లో ఉన్నవాళ్లేనని చూపినందుకే డెన్వర్ పోస్ట్ పత్రికకు 1986లో పులిట్జర్ బహుమతి దక్కింది. తర్వాత 1999 సంవత్సరానికి జరిగిన జాతీయ అధ్యయనంలో, అపరిచితులు లేదా ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లు చేసిన తీవ్రమైన అపహరణలు 115 అని తేలింది. వేధించేది ఎక్కువగా ఎరిగినవాళ్లే అయినప్పుడు వీధిలో కొత్త మనిషిని చూసి భయపడమని నేర్పే పోస్టర్ల వల్ల పిల్లలకు ఒరిగేదేమిటి?

ఇక విరాళాలు. "ప్రతి రూపాయిలో 90 పైసలు పిల్లలకే" అన్న వాక్యం తీసెయ్. ఈ పనిలో పిల్లలకు అందేది మాట్లాడే మనిషి, వినే మనిషి, కోర్టుకు తోడొచ్చే మనిషి. అంటే జీతాలు. జీతాల ఖర్చు తక్కువని గొప్ప చెప్పుకునే సంస్థలో కౌన్సిలర్ ఒక్కరే ఉండి అరవై కేసులు మోస్తుంటే ఆ పొదుపు ఎవరి నెత్తిన పడినట్టు? ఇంకో మాయ ఉంది. విరాళం అడిగే ఉత్తరంలోనే రెండు జాగ్రత్తలు అచ్చువేసి, ఆ తపాలా ఖర్చులో సగం "అవగాహన కార్యక్రమం" పద్దులో రాస్తారు. పద్దుల నియమాలు కొన్నిచోట్ల దీన్ని ఒప్పుకుంటాయి కూడా. అందుకే ఆడిట్ లెక్కల్లో మొత్తం పట్టికతో ఆగకుండా వెనకున్న గమనికలు చదవాలి. విరాళాల సేకరణకు బయటి ఏజెన్సీని పెట్టుకున్నారా, దానికి ఇచ్చేది నెలకింతనా లేక వసూళ్లలో వాటానా అన్నది కూడా అడుగు.

"పది లక్షలమందికి చేరాం" అంటే ఫోన్ తెర మీద అన్నిసార్లు కనిపించిందనే తప్ప ఒక్క పిల్లయినా క్షేమంగా ఉందని కాదు. బడుల్లో చేసే నివారణ పాఠాల మీద 2015లో కోక్రేన్ (వైద్య, ఆరోగ్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 24 ప్రయోగాలను చూసింది. పిల్లల్లో అవగాహన, తమను తాము కాపాడుకునే నేర్పు పెరిగాయని తేలింది. వేధింపులే తగ్గాయా అన్నది ఆ ప్రయోగాల నుంచి తేలలేదు. మీ విజ్ఞప్తిలోనూ అంతే చెప్పండి, అది తక్కువేం కాదు. "మీ విరాళంతో ఒక చిన్నారి ప్రాణం దక్కుతుంది" అనొద్దు. "కాపాడాం" అన్నచోట ఆ పిల్ల ఆర్నెల్ల తర్వాత ఎక్కడుందో చెప్పగలిగితేనే ఆ మాట వాడండి. ఏడుస్తున్న పిల్ల ఫొటో డబ్బిచ్చి కొన్న బొమ్మయినా సరే, పెట్టొద్దు.

ప్రతి అంకెకూ మూల నివేదికలోని పేజీని ప్రింటు తీసి ఒక ఫైలులో పెట్టు. ఎవరైనా ప్రశ్నిస్తే ఫైలు చూపించు, వాదన పెట్టుకోకు.

ఒకటి మాత్రం అచ్చుకు ముందే తేల్చుకోండి. కరపత్రం పంచిన వారంలో కొందరు పిల్లలు నిజంగానే నోరు విప్పుతారు. ఆ రోజు ఎవరు వింటారు, ఎవరికి చెబుతారు, చట్టప్రకారం ఎవరికి తెలియజేయాలి? వినడానికి మీ దగ్గర ఇద్దరే ఉంటే కరపత్రాలు ఒక్క పేటకే పంచండి. మూడో మనిషి వచ్చాక రెండో పేటకు వెళ్లొచ్చు.