మచ్చ తీసేశాక గజ్జల్లో పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 58 ఏళ్లు, వ్యవసాయం. మడమ కింద నల్లమచ్చ వస్తే ఆనెకాయ అనుకుని రెండేళ్లు వదిలేశాం. హైదరాబాద్‌లో తీసి పరీక్షిస్తే మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) అన్నారు. ఇప్పుడు చుట్టూ ఇంకొంత చర్మం తీసి, గజ్జల్లోని గ్రంథిని కూడా పరీక్షించాలంటున్నారు. ఉన్న చోటు నుంచి ఊడిపోయిన కణం బతుకుతుందా? కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో భయపెడుతున్నారు.

జవాబు: మామూలు కణమైతే బతకదు. మన కణాల్లో చాలావరకు ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లతో చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ఉన్నంతసేపే బతకమనే సంకేతం లోపలికి అందుతుంది. పట్టు తప్పితే బిమ్ లాంటి ప్రొటీన్లు పని మొదలుపెడతాయి, కణం తనంతట తానే చచ్చిపోతుంది. ఈ చావును అనాయికిస్ అంటారు.

మెలనోమా కణం దీన్ని తప్పించుకుంటుంది. దాదాపు సగం మందిలో బీరాఫ్ అనే జన్యువు చెడి, పట్టు లేకపోయినా బతుకు సంకేతాన్ని ఆపకుండా పంపుతుంది, బిమ్‌ను అణచేస్తుంది. అరికాలి మెలనోమాలో బీరాఫ్ మార్పు తక్కువ. కొందరిలో కిట్ జన్యువు చెడుతుంది. పైగా రంగునిచ్చే కణాల మూలకణాలు పిండదశలో వెన్ను వైపు నుంచి చర్మం దాకా ప్రయాణించి వచ్చినవే. తిరగడం వాటికి కొత్త కాదు.

అయినా రక్తంలోకి జారిన కణాల్లో చాలా భాగం అక్కడి ఆక్సీకరణ ఒత్తిడికి (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర అణువుల దెబ్బకు) చచ్చిపోతాయి. కణజాలాల నుంచి సన్నని నాళాల గుండా గ్రంథుల్లోకి పారే లింఫ్ ద్రవం అంత కఠినంగా ఉండదు. అందులోని ఒలీయిక్ ఆమ్లం ఈ కణాలను కాపాడుతుందని 2020లో ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది. అరికాలి లింఫ్ ఎక్కువగా గజ్జల్లోకే చేరుతుంది. మీ డాక్టర్ అక్కడ వెతుకుతున్నది అందుకే. మచ్చ ఉన్న చోట దారి చూపే మందు ఎక్కించి, ముందుగా లింఫ్ చేరే ఒకటి రెండు గ్రంథులనే తీసి చూస్తారు.

కత్తి వల్ల పాకుతుందన్నది అపోహ. ఊడే కణాలు ఆపరేషన్‌కు ముందే ఊడి ఉంటాయి. నాకు కోపం తెప్పించేది ఇంట్లో బ్లేడుతో గీకి పసరు కట్టడం. అలా చేస్తే రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది.

బయాప్సీ రిపోర్టులో (తీసిన ముక్క పరీక్ష ఫలితంలో) మెలనోమా మందం ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. సాధారణంగా 1 మి.మీ. లోపు ఉంటే చుట్టూ 1 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. తీస్తారు. గ్రంథిలో కణాలు దొరికితే జన్యు పరీక్ష అడగండి, చెడిన జన్యువు పనిని అడ్డుకునే మాత్రలా, ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి పంపే ఇమ్యునోథెరపీనా అన్నది తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఖర్చు టెన్షన్ ఉంటే ఆస్పత్రిలోని ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ముందే అడగండి. ఈలోగా గజ్జల్లో గడ్డ తగిలితే ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా చూపించండి. నాన్న రెండో పాదం, గోళ్లు కూడా ఒకసారి వెలుతురులో చూడండి.