క్రేన్ కింద తల్లి లేదు

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి చదివాను. ఇరాన్‌లోని మష్హద్ నగరంలో జరిగిన ఉరి గురించి రాయాలని నీకు తోచినందుకు సంతోషం. చివరి పేజీ దగ్గర మాత్రం కోపం వచ్చింది. అందుకే తెల్లారగానే ఈ ఉత్తరం.

నీ కథలో తల్లి క్రేన్ కింద నిలబడి గుండెలు బాదుకుంటుంది. ఆకాశం నెత్తురు కక్కుతుంది. అక్కడ ప్రభుత్వ వ్యతిరేక నిరసనలప్పుడు పట్టుబడి ఉరికెక్కిన మజీద్‌రెజా రహ్నవర్ద్ తల్లికి ఆ చోటు కూడా దక్కలేదమ్మా. ముందు రోజు కొడుకుని చూడనిచ్చారు. ఉరి మాట ఎత్తలేదు. ఇంక వదిలేస్తారేమో అన్న ఆశతో ఆమె ఇంటికి వెళ్లిందని అక్కడి ఉద్యమకారులు చెప్పారు. 2022 డిసెంబర్ 12 తెల్లవారుజామున, అరెస్టయిన 23 రోజులకే, అతన్ని అందరూ చూసేలా క్రేన్‌కి వేలాడదీశారు. ప్రభుత్వం వైపు పనిచేసే బసీజ్ దళం వాళ్లని ఇద్దరిని పొడిచి చంపాడని కేసు. ఆ నేరానికి వాళ్లు పెట్టిన పేరు ‘మొహారెబే’, అంటే దేవుడి మీద యుద్ధం. ఉదయం ఏడింటికి ఇంటికి ఫోన్ వచ్చింది: మీవాణ్ణి చంపి పూడ్చిపెట్టాం అని.

ఇంత జరిగాక ఆకాశంతో మనకేం పని?

ఉరి గురించి రాసేటప్పుడు ఉపమానం వాడకూడదు. ఒక్కటి కూడా. ముప్పై ఏళ్లుగా ఇదే మాట చెబుతున్నాను, విసుక్కున్నా సరే. ఆ నిరసనల కేసుల్లోనే కరాటే ఛాంపియన్ మొహమ్మద్ మెహదీ కరామీని 2023 జనవరి 7న ఉరితీశారు. 22 ఏళ్లు. శిక్ష పడ్డాక తండ్రికి ఫోన్ చేశాడు. నాకు ఉరిశిక్ష వేశారు, అమ్మకి చెప్పొద్దు అన్నాడు. ఆ తండ్రి వీధుల్లో టిష్యూలు అమ్ముకునే మనిషి. ఆ ఫోన్ పెట్టేశాక ఇంట్లోకి ఎలా వెళ్లి ఉంటాడు? అన్నం ముందు కూర్చుని భార్య మొహం ఎలా చూసి ఉంటాడు? కథంటే అదీ.

నా మొదటి కథ మా ఊళ్లో లాకప్పులో చనిపోయిన లారీ క్లీనర్ మీద. ఒక వారపత్రిక ఎడిటర్ నన్ను అడక్కుండా చివర్లో ‘తూరుపు ఎర్రబడింది’ అని కలిపాడు. ఆ కుర్రాడి తల్లికి నేనే చదివి వినిపించాను. ‘ఆవేళ ముసురు కదమ్మా’ అంది. తలెత్తలేకపోయాను. ఇప్పటికీ ఎడిటర్లకి అలాంటి ముగింపులే కావాలి. నువ్వు ఇవ్వకు.

పోటీకి పంపాలా అన్నావు, అది తర్వాత. ఆఖరి పేజీ మళ్లీ రాయి. తల్లిని ఇంట్లోనే ఉంచు. ఏడింటికి ఫోన్ మోగనీ.