టికెట్ కొన్నాక కూడా క్రూయిజ్ ఓడలో పానీయాలకూ రుసుములకూ అంత ఖర్చు ఎందుకవుతుంది?

మయామీ వంటి రేవుల నుంచి కరీబియన్ దీవులకు వెళ్లే పెద్ద ఓడల టికెట్‌లో గది, ప్రధాన భోజనశాలలోనూ బఫేలోనూ తిండి, మంచినీరు, మామూలు కాఫీ, టీ కలిసి ఉంటాయి. మద్యం, కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు మాత్రం సాధారణంగా విడిగా కొనుక్కోవలసిందే. బార్లలో నగదు తీసుకోరు. గది తాళంగా పనిచేసే కార్డు చూపిస్తే ఖాతాలో రాసుకుంటారు కనుక, ఖర్చు చివరి రోజు దాకా కంటికి ఆనదు.

మెనూలోని ధర మీద 18 నుంచి 20 శాతం సర్వీసు ఛార్జీ తోడవుతుంది. ఉదాహరణకు, 14 డాలర్ల కాక్‌టెయిల్‌కు 18 శాతం కలిపితే 16.52 డాలర్లు, రోజుకు ఇంత అని ముందే కట్టి, ఒక్కోదానికి విడిగా డబ్బివ్వకుండా తాగే 80 డాలర్ల పానీయాల ప్యాకేజీ అదే లెక్కన 94.40 డాలర్లు. అంటే రోజూ ఆరు కాక్‌టెయిళ్లు తాగితే గానీ గిట్టుబాటు కాదు. రేవులో దిగి ఊరు చూసే రోజున అన్ని తాగడం ఎవరి తరమూ కాదు. పైగా కార్నివాల్, రాయల్ కరీబియన్ సంస్థల్లో ఒకే గదిలోని పెద్దలలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే సాధారణంగా రెండోవారూ తీసుకోవాలి కాబట్టి, ఒకరే తాగే దంపతులకు అది దండగ అని నా అభిప్రాయం. ఓడ ఎక్కే రోజున ఒక్కో పెద్దవారు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి వెంట తెచ్చుకోవడానికి ఈ రెండు సంస్థలూ అనుమతిస్తాయి.

సిబ్బంది టిప్పుల కింద మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు, పిల్లలకు కూడా, ఖాతాలో పడతాయి. వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, ఒడ్డున విహారయాత్రలు వేరు.