ఇంగ్లండ్‌లో ఇంటి అలారం: సంతకం పెట్టేశాక రద్దు కుదురుతుందా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా సొంతింట్లో ఉంటున్నాం. 6 రోజుల క్రితం ఒక అలారం కంపెనీ ప్రతినిధి ఇంటికొచ్చి మాట్లాడితే 36 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాను. బిగింపుకి 180 పౌండ్లు క్రెడిట్ కార్డు మీద కట్టాను. నెలకు 39 పౌండ్లు కట్టాలి. 4 రోజుల క్రితం బిగించి వెళ్లారు. 'అలారం మోగితే పోలీసులు వచ్చేస్తారు' అన్నాడు గానీ కాగితాల్లో ఆ మాటే లేదు. వచ్చే నెల 7 వారాలు ఇండియా వెళ్తున్నాం. ఇది ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? వదిలించుకుంటే కొత్తది ఏం చూసి తీసుకోవాలి?

జవాబు: ముందు గడువు సంగతి చూద్దాం. మీ ఇంట్లో కుదిరిన ఒప్పందం కాబట్టి దీనికి 2013 నాటి కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్స్ వర్తిస్తాయి. ప్రతినిధిని మీరే పిలిపించుకున్నా సరే. 14 రోజుల లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ 14 రోజులు ఎప్పటి నుంచి అన్నదగ్గరే చాలామంది తడబడతారు. వస్తువులు కొన్నట్టయితే అవి చేతికొచ్చిన మర్నాటి నుంచి, సేవ మాత్రమే అయితే ఒప్పందం జరిగిన మర్నాటి నుంచి లెక్క. పరికరాలు మీకు అమ్మారా, అద్దెకిచ్చారా అన్నది మీ ఒప్పందం చదివితేగానీ తేలదు. ఆ వాదనలోకి దిగకుండా సంతకం రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే ఇంకా 8 రోజులున్నాయి.

ఈమెయిల్ చాలు. ఒప్పందం నంబరు, సంతకం తేదీ, ఇంటి చిరునామా రాసి 'ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను' అని ఒక్క వాక్యం రాయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. 'మా మేనేజర్ మాట్లాడతారు' అంటూ సాగదీస్తే గడువు కాస్తా దాటిపోతుంది. గడువులోగా మెయిల్ పంపితే చాలు, వాళ్లు ఎప్పుడు చదివారన్నది అనవసరం. రద్దు హక్కు గురించి మీకు రాతపూర్వకంగా చెప్పకపోయి ఉంటే, ఆ గడువు మరో 12 నెలల దాకా పెరిగే వీలుంది. గడువులోనే పని మొదలుపెట్టమని మీరు స్పష్టంగా కోరి ఉంటే మాత్రం, అప్పటిదాకా అందిన సేవకు దామాషా ప్రకారం కట్టాల్సి రావచ్చు. సంతకం పెట్టిన కాగితాల్లో అలాంటి అభ్యర్థన మీ పేరుతో ఉందేమో చూడండి. ఒక గడిలో టిక్ పెట్టించుకుని ఉంటారు.

డబ్బు వెనక్కి ఇవ్వకుండా తిప్పితే కార్డు కంపెనీని ఆశ్రయించవచ్చు. కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 1974లోని సెక్షన్ 75 ప్రకారం, ధర 100 పౌండ్లు దాటి 30,000 మించని కొనుగోళ్లలో ఒప్పంద ఉల్లంఘనకు కార్డు సంస్థ కూడా బాధ్యురాలే. డెబిట్ కార్డుకు ఈ రక్షణ లేదు.

ఇక 'పోలీసులు వస్తారు' అన్న మాట. కాగితంలో లేదని దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015, సెక్షన్ 50 ప్రకారం సేవ గురించి వ్యాపారి నోటితో చెప్పిన మాటను నమ్మి మీరు నిర్ణయం తీసుకుంటే, అదీ ఒప్పందంలో షరతే అవుతుంది. రుజువే కష్టం. అందుకే ఈరోజే ఒక మెయిల్ పెట్టి యూఆర్‌ఎన్ (పోలీసులు ఆ ఇంటి అలారానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) అడగండి: 'ఫలానా తేదీన మీ ప్రతినిధి పోలీసు స్పందన ఉంటుందని చెప్పారు, మా ఇంటికి యూఆర్‌ఎన్ నంబరు ఎంత?' జవాబు వచ్చినా రాకపోయినా అది మీకు పనికొచ్చే కాగితమే.

ఆ నంబరే అసలు పరీక్ష. పోలీసు ఉన్నతాధికారుల మండలి (ఎన్‌పీసీసీ) విధానం ప్రకారం, అలారం కేంద్రం (ఇళ్ల అలారం సంకేతాలు అందుకుని చూసే కార్యాలయం) నుంచి వచ్చే పిలుపుకు పోలీసులు నేరుగా కదలాలంటే ఆ ఇంటికి యూఆర్‌ఎన్ ఉండాలి. అది రావాలంటే బిగించిన సంస్థకు ఎన్‌ఎస్‌ఐ లేదా ఎస్‌ఎస్‌ఏఐబీ లాంటి తనిఖీ సంస్థల ధ్రువీకరణ ఉండాలి. అలారం 'నిర్ధారణ' కావాలి, అంటే ఒక్క సెన్సర్ మోగితే చాలదు, సాధారణంగా రెండోది కూడా పసిగట్టాలి. 12 నెలల్లో 3 తప్పుడు పిలుపులు వెళ్తే స్పందన ఉపసంహరిస్తారు. ఫోన్ యాప్‌కి మాత్రమే సందేశం పంపే వ్యవస్థలకు యూఆర్‌ఎన్ రాదు. అక్కడ నేరం జరుగుతోందని ఒక మనిషి చూసి అత్యవసర నంబరు 999కి చెప్పాలి. అవి చెడ్డవని కాదు. పోలీసు స్పందన పేరు చెప్పి వాటికి ఎక్కువ డబ్బు గుంజితేనే పేచీ.

యూఆర్‌ఎన్ ఉన్న ఇంటికి కనీసం ఇద్దరు తాళంచెవి బాధ్యులు ఉండాలి. పిలుపు అందిన 20 నిమిషాల్లో ఏ వేళనైనా రాగలగాలి, అలారం ఆపడం తెలిసుండాలి. మీరిద్దరూ ఇండియాలో ఉంటే మీ పేర్లు పనికిరావు. పక్కింటివాళ్లను ముందే అడగండి, లేదా డబ్బు తీసుకుని ఈ పని చేసే సంస్థను పెట్టుకోండి. ఇది కేవలం పోలీసు నియమమే కాదు. సైరన్ ఆగకుండా 20 నిమిషాలు దాటి మోగినా, ఆగి ఆగి గంట దాటి మోగినా, క్లీన్ నైబర్‌హుడ్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ యాక్ట్ 2005 కింద స్థానిక కౌన్సిల్ అధికారి వచ్చి ఆపించవచ్చు, ఆ ఖర్చు మీ నుంచి రాబట్టవచ్చు. సైరన్ దానంతటదే ఆగిపోయే సమయం ఎంత పెట్టారో బిగించినవాళ్లను అడిగి తెలుసుకోండి.

బీమా దగ్గర చాలామందికి దెబ్బ తగులుతుంది. 'అలారం ఉంది' అని చెప్పి ప్రీమియం తగ్గించుకుంటే, కొన్ని పాలసీలు ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా దాన్ని ఆన్ చేయాలని, ఏటా సర్వీసింగ్ చేయించాలని షరతు పెడతాయి. బిగించిన సంస్థకు ఫలానా ధ్రువీకరణ ఉండాలనీ అడుగుతాయి. ఇళ్లకు సాధారణంగా అడిగేది అలారాలకు వర్తించే బీఎస్ ఈఎన్ 50131 ప్రమాణంలో గ్రేడ్ 2. మీ 7 వారాల ప్రయాణం ఇంకో చిక్కు. ఇల్లు ఖాళీగా 30 లేదా 60 రోజులు దాటితే దొంగతనం కవర్ ఆగిపోతుందని చాలా పాలసీల్లో ఉంటుంది, మీది 49 రోజులు. 30 రోజుల పాలసీ అయితే బయల్దేరేముందే రాతపూర్వకంగా పొడిగింపు తీసుకోండి. ఎంత మంచి అలారం ఉన్నా ఆ షరతును అది మాఫీ చేయదు.

కొత్తది ఎంచుకునేటప్పుడు ఒప్పందంలో నేను మొదట తిప్పేది బాధ్యత పరిమితి పేజీ. కంపెనీ నిర్లక్ష్యం వల్ల అలారం పనిచేయకపోతే వాళ్ల బాధ్యత ఎంతవరకు? మీరు కట్టిన ధర కంటే తక్కువకు దాన్ని కుదించడానికి ఆ కన్స్యూమర్ రైట్స్ యాక్ట్‌లోని సెక్షన్ 57 ఒప్పుకోదు. అంతకు మించిన పరిమితి న్యాయబద్ధమా కాదా అన్నది వేరే ప్రశ్న. పోయిన నగల విలువంతా కంపెనీయే ఇస్తుందని మాత్రం ఆశపడకండి. తర్వాత ఇంజనీర్ కోడ్. ప్యానెల్ లోపలి సెట్టింగులన్నీ దాని చేతిలో ఉంటాయి. ఒప్పందం ముగిశాక కంపెనీ ఆ కోడ్ వదలకపోతే, పెట్టె మీదే అయినా వేరే మెకానిక్ దాన్ని ముట్టుకోలేడు, కొత్త ప్యానెల్ కొనాల్సిందే. 'ఒప్పందం ముగిస్తే కోడ్‌ను ఫ్యాక్టరీ స్థితికి మారుస్తాం' అన్న వాక్యం రాయించుకోండి. పరికరాలు ఎవరి సొత్తో కూడా అక్కడే తేల్చుకోండి.

సిగ్నల్ ఏ దారిన వెళ్తుందో అడగండి. పాత రాగి తీగ ఫోన్ లైన్లు 2027 జనవరి ఆఖరుకల్లా ఆగిపోనున్నాయి, వాటి మీద ఆధారపడ్డ డయలర్ (ఫోన్ చేసి హెచ్చరించే పరికరం) కొనకండి. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కాబట్టి బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు సిమ్ దారి కూడా ఉండాలి. నెట్‌కు కలిసే పరికరమైతే, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో తయారీదారు ప్రకటించాలని 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం ఉంది. ఆ తేదీ మీ 36 నెలల ముందే ముగిసిపోతుంటే వద్దనండి.

కెమెరా కూడా పెడుతుంటే, అది మీ హద్దు దాటి పక్కింటి వాకిలినో వీధినో చూస్తే డేటా రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు డోర్‌బెల్ కెమెరా కేసులో ముఖ్యంగా దూరం నుంచి మాటలు రికార్డు చేయడాన్ని తప్పుపట్టింది. ఆడియో ఆపేయండి.

ఇండియాలో ఉండగా యాప్‌లో దొంగ కనబడితే 999 నొక్కినా లాభం లేదు, అది బ్రిటన్ పోలీసులకు చేరదు. మీ ప్రాంత పోలీసు దళం వెబ్‌సైట్‌లో విదేశాల నుంచి పిలవాల్సిన +44 నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో సేవ్ చేసుకుని, తాళంచెవి బాధ్యులకు మీ యూఆర్‌ఎన్, ఇంటి పోస్ట్‌కోడ్ రాసి ఇచ్చి వెళ్లండి.