ఒకే ఇష్టం ఉంటే చాలా? బత్తాయి తోట నుంచి ఒక జవాబు

రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ ఒకే విషయం మీద ఇష్టం ఉంటే బంధం దానంతట అదే కుదురుతుందా, లేక రాతలో ఇంకేమైనా చేయాలా అని తరచూ అడుగుతుంటారు. దీనికి చాలామంది కవిత్వం గురించీ నవలల గురించీ చెబుతారు. నేను బత్తాయి వైపు నుంచి చెబుతా. నల్లగొండ జిల్లాలో శ్రద్ధగా, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదివే పాఠకులు తోటల్లో ఉన్నారు. వాళ్లను పాఠకులుగా ఎవరూ లెక్కపెట్టరు, అది నాకు ఎప్పుడూ బాధే.

నా జవాబు: దానంతట అది కుదరదు. ఇష్టం ఒక్కటే అయితే మనిషి పేజీ తెరుస్తాడు, అంతవరకే. చివరిదాకా చదవాలంటే అతని మనసులో ఆ పూట ఉన్న అనుమానం మీ రాతలో కనబడాలి.

గుర్రంపోడు, నిడమనూరు, పెద్దఅడిశర్లపల్లి వైపు తోట ఉన్న రైతు రాత్రి అన్నం తిని ఫోన్ తీసి బత్తాయి గురించి వెతుకుతున్నాడంటే ఏదో తేల్చుకోవాలనే. నవంబరు, డిసెంబరు నెలలైతే ఆ అనుమానం దాదాపు ఒక్కటే: నీళ్లు ఎప్పుడు ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి? "బత్తాయిలో విటమిన్ సి పుష్కలంగా ఉంటుంది" అని మొదలుపెట్టిన వ్యాసాన్ని ఆయన అక్కడే మూసేస్తాడు. ఆయనకు విటమిన్ సంగతి ఎందుకు?

తోట తెలిసినవాళ్లు ఇదే విషయం ఎలా రాస్తారో చూడండి. చెట్టును బెట్టకు తెచ్చేటప్పుడు, అంటే పూత ఒక్కసారిగా రావడానికి నీళ్లు ఆపి చెట్టును వాడనిచ్చేటప్పుడు, రోజులు లెక్కపెట్టుకుంటే మోసపోతాం. ఎర్ర చల్కలో (తేలిక ఇసుక నేలలో) పదిహేను, ఇరవై రోజులకే చెట్టు వాడుతుంది, నల్లరేగడిలో నెలన్నర దాటినా పచ్చగానే నిలబడుతుంది. అందుకే ఆకును చూడాలి. మధ్యాహ్నం ముడుచుకున్న ఆకు సాయంత్రానికి తేరుకుంటే బెట్ట ఇంకా రానట్టే. తెల్లవారి చూసినా ముడుచుకునే ఉండి, పాత ఆకు పండి రాలడం మొదలైతే వచ్చినట్టు. నాలుగో వంతు ఆకు రాలితే చాలు, అంతకు మించి ఆగితే సన్న కొమ్మలు ఎండిపోతాయి. ఆ తర్వాత పాదులు పైపైన తవ్వి, ఎరువు వేసి, మొదటి తడి పల్చగా ఇవ్వాలి. నాలుగైదు రోజులు ఆగి రెండో తడి నిండుగా పెట్టాలి. తొందరపడి మొదటిసారే పాదు నిండా పెడితే వేరు తట్టుకోలేక ఆకూ పూతా రాలతాయి. మధ్యలో గట్టి వాన పడిందంటే పడ్డ కష్టమంతా పోతుంది, చెట్టు పూత మాని చిగురు వేస్తుంది.

ఇంతవరకు పుస్తకంలోనూ దొరుకుతుంది. పాఠకుడు లేచి కూర్చునేది దీని తర్వాతి మాటకు: డ్రిప్పు ఉన్న తోటలో ఒక్క వాల్వు సరిగా మూసుకోక సన్నగా కారుతూ ఉంటే ఆ వరుస ఒక్కటీ బెట్టకు రాదు. మిగతా తోట పూసినప్పుడు అది పూయదు, ఆలస్యంగా పూస్తుంది. కాయ రెండు ఈడులవుతుంది. మొదటి కోతకు వచ్చిన వ్యాపారి మిగిలిన కొద్ది కాయ కోసం మళ్లీ లారీ, కూలీలతో రావాలంటే ధర కోస్తాడు, లేదా అసలు రాడు. ఇది చదివిన రైతు చెప్పులేసుకుని వాల్వు దగ్గరికి వెళ్తాడు. రాసినవాళ్లు తన తోటలో తిరిగినట్టే అనిపిస్తుంది ఆయనకు. నేను బంధం అంటున్నది దీన్నే.

ఒకే మందు గురించి రెండు రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మొదటిది: "కాండం మీద బంక కారితే బోర్డో పేస్టు పూయాలి." తప్పేమీ లేదు, కానీ ఈ ముక్క పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. రెండోది ఇలా ఉంటుంది. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఐదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా కరిగించాలి. ఇనుప బకెట్టు వద్దు, ప్లాస్టిక్ కానీ మట్టి కుండ కానీ వాడాలి. రెండింటినీ ఒకేసారి మూడో తొట్టిలోకి పోస్తూ కర్రతో కలపాలి. కలిపాక మెరిసే ఇనుప కత్తి కాసేపు ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత కనబడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం సున్నపు నీళ్లు పోసి మళ్లీ చూడాలి. సున్నం చాలకుండానే పూస్తే బెరడు మాడుతుంది. కుళ్లిన బెరడును మంచి బెరడు కనబడేదాకా చెక్కి, ఆ గాయం మీద పూయాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోయి ఉంటే ఎంత పూసినా బంక మళ్లీ వస్తుంది, ముందు ఆ మట్టి తీయండి.

కత్తి ముంచే ముక్క చూడండి. ఇదివరకు చేసినవాడికి 'ఔను, ఇంతే' అనిపిస్తుంది. ఎన్నడూ చేయనివాడికి ధైర్యం వస్తుంది, తప్పు జరిగితే ఎలా తెలుస్తుందో ముందే చెప్పారు కాబట్టి. కొలతలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొలత తప్పితే ఏం కనబడుతుందో రాసేవాళ్లు తక్కువ. ఆ తక్కువమంది రాతలే ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వెళ్తాయి.

ఈ సందర్భంలో కొన్ని ఫిర్యాదులు చెప్పక తప్పదు. బత్తాయి వ్యాసానికి కమలా పండు బొమ్మ పెట్టడం ఇకనైనా ఆపాలి. తొక్క వదులుగా లేచి ఉన్న ఆ పండును చూడగానే ఇది తోట ముఖం చూడనివాళ్ల పని అని రైతుకు తెలిసిపోతుంది, కింద ఎంత మంచి విషయం ఉన్నా నమ్మడు. రెండోది, "అన్నదాత", "రైతే రాజు" అని రెండు పేరాలు పొగిడి ఆ తర్వాత విషయంలోకి రావడం. పొగడ్తతో దగ్గరవుతామని అనుకుంటారు, చదివేవాడి సమయం పోవడం తప్ప ఏమీ జరగదు. మూడోది అన్నిటికంటే పెద్దది: అసలు చిక్కు దగ్గరికి రాగానే "నిపుణులను సంప్రదించండి" అని ముగించడం. కాయ మీద మంగు (నల్లి వల్ల తొక్క గోధుమ రంగుకు మారడం) మొదలైందని అడిగినవాడికి లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం అని చెప్పాలి. గోధుమ రంగు ఒకసారి పట్టిన కాయ మళ్లీ నిగారింపుకు రాదు, మందు కొట్టేది మిగతా కాయను కాపాడుకోవడానికే అని కూడా అక్కడే చెప్పాలి. ఈ రెండో ముక్క చెప్పకపోతే, మందు పనిచేయలేదని రైతు దుకాణం మీద పడతాడు, మీ రాత మీద నమ్మకం పోతుంది.

బత్తాయికే కాదు, ఏ పనికైనా ఇంతే. పోచంపల్లి చీరను "అద్భుత కళాఖండం" అని రాస్తే నేసేవాళ్లు చదవరు. ఆసు పోసేటప్పుడు, అంటే రంగులు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, ఒక్క చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుందనీ, భుజం పట్టేస్తుందనీ రాయండి, చదువుతారు. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది తల్లి పడిన ఆ నొప్పి చూసే కదా.

ఇష్టం ఒక్కటైనప్పుడు, సరిగ్గా అడిగితే, చదివేవాడు తన దగ్గరున్నది తెచ్చి ఇస్తాడు కూడా. దీనికి మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకాయన రాస్తే, సురవరం ఘాటైన సంపాదకీయంతో సరిపెట్టలేదు. కవులు తమ వివరాలూ పద్యాలూ పంపాలని అడిగారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. పత్రిక చదివేవాళ్ల దగ్గర, వాళ్ల ఊళ్లలో, అటకల మీద ఉన్న సాహిత్యం అంతా కదిలి వచ్చింది. పద్యం మీద ప్రేమ అంతకు ముందూ ఉంది. ఏం పంపాలో విడమరిచి అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు.

ఇప్పుడు రాసేవాళ్లు చివర్లో "మీ అభిప్రాయం చెప్పండి" అంటారు. దానికి "బాగుంది సార్", "మంచి సమాచారం అన్నా" తప్ప ఏం వస్తుంది? బెట్ట గురించి రాసినప్పుడు చివర మూడు ప్రశ్నలు అడగండి. మీది చల్కా, రేగడా? నీళ్లు ఏ తేదీన ఆపారు? మొదటి పూమొగ్గ ఏ తేదీన కనబడింది? రైతు నోటి మీద ఉండే సంగతులే ఇవి, టైపు చేయడానికి నిమిషం పట్టదు. వచ్చిన జవాబులను నేలను బట్టి విడదీసి వరుసగా రాసుకుంటే మీ తర్వాతి వ్యాసం సగం తయారైనట్టే, అదీ పాఠకులు ఇచ్చిన సరుకుతో.

ఆ జవాబుల్లో మీరు రాసినదానికి అడ్డం వచ్చేవీ ఉంటాయి. ఎర్ర చల్కలో నలభై రోజులు ఆపినా చెట్టు వాడలేదని ఒకరు రాస్తారు. తప్పు చెబుతున్నారని కొట్టిపారేయకండి, తోటకు కాలువ ఎంత దూరమో అడగండి. ఎఎంఆర్‌పి (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువల పక్కన ఊట నీరు అడుగు నుంచి వేరుకు అందుతూ ఉంటే పైన ఎంత ఎండబెట్టినా బెట్ట రాదు. కారణం అదే అని తేలితే మీ పాత వ్యాసంలో ఆ వాక్యం చేర్చండి, ఫలానా ఊరి రైతు చెప్పారని రాయండి. ఆ ఊరివాళ్లు మీ తర్వాతి రాత కోసం అడిగి మరీ చదువుతారు.